సముద్రపు పువ్వుకు నేను పెట్టిన తిండి

కళ్లులేని ప్రాణికి కూడా ఆకలికాలం వస్తుందని ముందే ఎరిగి, దాని ఒంటిలోనే నిల్వల కొట్టు కట్టి ఇచ్చిన దేవునికి స్తోత్రం. అలల కింద రాతిని కరచుకొని ఉన్నదాన్ని మరచిపోని వానికి స్తోత్రం. పైన చూడకుండానే లోపల ఏముందో తెలిసినవానికి, నాలో ఏముందో ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నవానికి స్తోత్రం. ఈ చివరి మాట రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాశాను. స్తోత్రంతో మొదలుపెట్టకుండా నేను ఏదీ రాయలేను. అలా పెరిగాను.

ఇప్పుడు బరువు సంగతి. చాలా ఏళ్లుగా మోస్తున్నాను. అదేమిటో మొదటే చెప్పేస్తాను, లేకపోతే దాని చుట్టూ తిరిగి తిరిగి చెప్పకుండానే ముగిస్తానని నామీద నాకే అనుమానం. ఒక ప్రాణికి నేను దొంగచాటుగా తిండి పెట్టాను. పెట్టలేదని చెప్పాను. ఆ మాట నమ్మి ఒక మనిషి తినడం మానేసింది. ఆమె ఇప్పుడు లేదు. నేను ఉన్నాను. ఆ ప్రాణీ ఉంది. ఇది రాస్తున్న గదిలోనే, నా వెనకాల, నీళ్లలో విచ్చుకొని ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు దాచుకొని చేసే ఒప్పుకోలు ఒప్పుకోలేనా? ఈ ప్రశ్న నేను వేసుకోకపోలేదు. మా సంఘంలో ఎవరు చదివినా నేనెవరో వెంటనే తెలిసిపోతుంది. తెలియాల్సింది వాళ్లకే. మీరు మాత్రం నా పక్కన కూర్చొని వినండి. అంతే అడుగుతున్నాను.

నేను పుట్టింది మర్పల్లి దగ్గర పల్లెలో. అక్షరాలకంటే ముందు వాక్యం వచ్చింది నాకు. హాస్టల్లో చదివాను, ఆదివారం బడిలో కంఠస్థ వాక్యాలకు ప్రతి ఏడూ బహుమతి నాదే. తరువాత జంతుశాస్త్రం. తరువాత తూర్పు తీరంలో కొన్నేళ్లు పరిశోధన. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ సముద్రం చూడలేదు.

నా పరిశోధన సీ అనిమోన్ల మీద. చూడనివాళ్ల కోసం చెబుతాను. కంటికి పువ్వు, నిజానికి జంతువు. అడుగున మెత్తటి పాదంతో రాతిని పట్టుకుంటుంది. పైన చుట్టూ రేకుల్లా కదిలే సన్నటి చేతులు, మధ్యలో ఒకటే నోరు. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ నేను మోకాళ్లలోతు నీళ్లలో వంగి, రాళ్ల నుంచి కొన్నింటిని ఒలిచి తెచ్చేవాణ్ణి. ఏ కాలంలో వాటి ఒంట్లో కొవ్వు ఎంత, గ్లైకోజన్ అనే నిల్వ చక్కెర ఎంత, మాంసకృత్తులు ఎంత అని చూసేవాణ్ణి. నీళ్లలో మేత బాగా దొరికే కాలంలో అవి తింటాయి, ఒంటి గోడల్లో దాచుకుంటాయి. గుడ్లు పెట్టే కాలంలో ఆ దాచినదంతా గుడ్లలోకి పోతుంది. మేత లేని కాలంలో ముడుచుకొని, దాచినదాన్ని కొద్దికొద్దిగా కాల్చుకుంటూ బతుకుతాయి. దాచినదీ అయిపోతే తమ ఒంటినే తింటాయి. అంటే చిన్నవైపోతాయి. చావవు, చిన్నవవుతాయి. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను ప్రయోగశాలలోనే మోకరించాను. దేవుని పనితనం అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

కాని ఇంకొకటి ఉంది. చల్లని నీళ్లలో దాని లోపలి మంట సన్నగా మండుతుంది. నీళ్లు వేడెక్కితే ఎగసి మండుతుంది. అదే కొట్టు, అదే ఆకలి. చలికాలంలో నెలల తరబడి వచ్చే నిల్వ ఎండాకాలంలో చూస్తుండగానే ఖాళీ అవుతుంది. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. సీసాలో మూసి, అది ఎంత ప్రాణవాయువు తీసుకుంటుందో కొలిచి, నేనే తేల్చుకున్నది. దీన్ని గుర్తుపెట్టుకోండి. నేను మరచిపోయినట్టు నటించింది దీన్నే.

పరిశోధన ముగిసి వచ్చేటప్పుడు ఒక అనిమోన్‌ను వెంట తెచ్చుకున్నాను. తాండూరులో కాలేజీ ఉద్యోగం. కాపురం మాత్రం వికారాబాద్‌లో, గుట్ట గాలి తగిలే పాత ఇంట్లో. రోజూ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. ముందుగదిలో గాజుతొట్టి పెట్టి, హైదరాబాద్ నుంచి తెచ్చిన ఉప్పు కలిపి, సముద్రం లాంటి నీళ్లు చేసి దాన్ని అందులో ఉంచాను. నా సంఘం తాండూరులో. బండలకు పాలిష్ పట్టే యూనిట్ల పక్కన, రేకుల కప్పు వేసిన ప్రార్థనాలయం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండల పనివాళ్లే. చదువుకున్నవాణ్ణని, వాక్యం తెలిసినవాణ్ణని నన్ను సంఘ పెద్దగా నిలబెట్టారు. బుధవారం బైబిలు తరగతి నాది.

ఒక డిసెంబరులో సంఘమంతా అనంతగిరి గుట్టకు సహవాస కూడిక కోసం వచ్చి, తిరిగిపోతూ మా ఇంట్లో చాయకు ఆగారు. అందరూ తొట్టి చుట్టూ మూగారు. వాళ్లలో సుగుణమ్మ ఉంది. నాకంటే కొంచెం పెద్దది. అక్కా అనేవాణ్ణి. పాలిష్ యూనిట్లో పని, పొద్దంతా బురదనీళ్లలో నిలబడాలి. అయినా సంఘంలో అందరినీ నవ్వించేది ఆమే.

"సార్, గిది పువ్వా, పురుగా?" అంది.

"జంతువక్కా."

"మల్ల నోరు యాడుంది?"

"నడుమ ఉంది, చూడు. తినేది దాంతోనే, లోపలి మురికి బయటికి పారేసేది దాంతోనే."

"ఛీ!" అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మా గల్లీల గిసొంటి నోర్లు మస్తున్నయి సార్."

పాస్టరుగారు కూడా చాయ ఒలకబోసుకొనేంతగా నవ్వారు. అప్పుడామె అది ఏం తింటుందని అడిగింది. చలికాలం కదా, కొన్ని వారాలుగా ఏమీ వేయలేదని, ఎలా తట్టుకుంటుందో చూస్తున్నానని చెప్పాను. అది నిజమే. సుగుణమ్మ నవ్వు ఆగిపోయింది. "తినకుంటనే గింత మంచిగుందా?" అంది మెల్లగా. తొట్టికి ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గాజులో కనిపిస్తుంది.

కొత్త సంవత్సరపు ఉపవాస కూడికల్లో నేను దాన్నే ప్రసంగంగా చెప్పాను. కళ్లులేనిది, కాళ్లులేనిది, లోపల దేవుడు దాచి ఇచ్చినదాని మీద ఆనుకొని ఆకలికాలం దాటుతుందని. ఆ మాటలకు సంఘం కదిలిపోయింది. ఆ రోజు నాలో ఏం కదిలిందో కూడా చెప్పాలి. ఎన్నేళ్లుగానో వాక్యం చెబుతున్నాను గాని, వెనక చాపల మీద కూర్చున్నవాళ్లు ముందుకు జరిగి వినడం అదే మొదటిసారి. అది నాకు రుచించింది. రుచి అనే మాట తెలిసే వాడుతున్నాను.

ఈస్టరు పండుగకు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాసాలు దగ్గరపడ్డాయి. ఆ తొట్టిని తాండూరు తెచ్చి ప్రార్థనాలయంలో పెట్టమని, ఉపవాసకాలమంతా అందరూ చూస్తారని పాస్టరుగారు అడిగారు. ఒక్కసారి అన్నాను, "అయ్యగారూ, తాండూరు ఎండలకు ఆగదేమో."

"దేవుడు కొట్టు కట్టిచ్చిండని మీరే గద సార్ చెప్పింది?" అన్నారాయన. ఎగతాళిగా కాదు. నిజంగా నమ్మి అన్నారు.

సరే అన్నాను. నాకు తెలిసినది ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. నీళ్లు వేడెక్కితే నిల్వ నిలవదు అని. ఎందుకు చెప్పలేదు? చెబితే ప్రసంగం చిన్నదైపోతుంది. దేవుడు చలికాలంలో మాత్రమే పోషిస్తాడా అని ఎవరైనా అడుగుతారు. అడిగితే నా దగ్గర జవాబు ఉంది కూడా. కాని ఆ జవాబుకు ఎవరూ చాప మీద ముందుకు జరగరు.

మూత ఉన్న బకెట్లో పెట్టుకొని పొద్దుటి బండిలో తీసుకుపోయాను. ఎదుటి సీటాయన "ఏం చేపలు?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాను. ప్రార్థనాలయం పక్కగదిలో నాపరాతి అరుగు మీద తొట్టి నిలిపాము. తాళంచెవి నా దగ్గరే.

మా సంఘంలో ఉపవాసం అంటే పగలంతా నీళ్లు మాత్రమే, సాయంత్రం ప్రార్థన తరువాత ఇంటికి పోయి తినడం. పాస్టరుగారు ప్రతిరోజూ చివర్లో "రాత్రి తినుండ్రి, ఎండలు మండుతున్నయి" అని హెచ్చరించేవారు. ఆయన తప్పు ఇందులో లేదు. నేనే ఆ హద్దు దాటించాను. మొదటి వారపు తరగతిలో తొట్టివైపు చెయ్యి చూపి అన్నాను, "పొద్దు దిగగానే మనం పళ్లెం ముందుకు లాక్కుంటాం. ఇది లాక్కోదు." గదిలో ఒక నిట్టూర్పు లేచింది. ముందు చాప మీద సుగుణమ్మ ఉంది. ఆమె నిట్టూర్చలేదు. తల ఊపింది.

ఆమె భర్త ప్రకాశం కూడా బండల పనే చేసేవాడు. బండను మిషను మీద కోసేటప్పుడు లేచే దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోయి గట్టిపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మందులతో తగ్గేది కాదని చెప్పారు. అతని ఊపిరి కోసమే ఆమె ఉపవాసం. పగలు మిషను దగ్గర పని, సాయంత్రం ప్రార్థన, ఇంటికి పోయి భర్తకు, కూతురు సునీతకు వండిపెట్టి, తాను గిన్నెడు అంబలి తాగి పడుకొనేది.

ఎండలు ముదిరాయి. రేకుల కింద ఆ గది పొయ్యిలా ఉండేది. కరెంటు పోతే తొట్టి మీద ఫ్యాను ఆగేది. గడ్డకట్టిన నీళ్ల సీసాలు వేసేవాణ్ణి, గంటలో కరిగేవి. మూడో వారానికి దాని చేతులు వాలిపోయాయి. నోరు వదులై తెరుచుకుంది. ఒళ్లు ముడతలు పడి, పాదం రాతి మీద పట్టు జారుతోంది. ప్రార్థన అయ్యాక వరుసగా వచ్చి చూసేవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. "చస్తదా ఏంది?" అని ఒకరు. "నమ్మకం తక్కువైన ఇంట్ల గట్లనే అయితది" అని ఇంకొకరు. వచ్చే ఆదివారం బంట్వారం, పూడూరు సంఘాలవాళ్లు కూడా చూడటానికి వస్తున్నారు.

నా ముందు రెండు నిజాయితీగల దారులు ఉన్నాయి. ఎండకు దాని నిల్వ అయిపోయింది, మనుషులు దీన్ని చూసి తిండి మానకూడదని చెప్పడం ఒకటి. చెప్పకుండా వికారాబాద్ తీసుకుపోవడం ఇంకొకటి. నేను మూడోది చేశాను. మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తూ మార్కెట్లో ఒక చిన్న చేపముక్క కొన్నాను. తాళం తీసి, తలుపు లోపల గడియ పెట్టి, ముక్కను సన్నగా కోసి దాని నోటి దగ్గర వదిలాను. కొంతసేపు ఏమీ కాలేదు. తరువాత ఒక చెయ్యి కదిలింది. ఇంకొకటి. అన్నీ కలిసి ముక్కను మెల్లగా లోపలికి తోశాయి. నోరు మూసుకుంది. నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆ కన్నీళ్లు ఎందుకో ఇప్పటికీ తెలియదు.

రోజు మార్చి రోజు పెట్టాను. ఆదివారం నాటికి అది నిటారుగా లేచి నిండుగా విచ్చుకొంది. చూసినవాళ్లు స్తోత్రం అని కేకలు వేశారు. పక్క ఊళ్లవాళ్లు ఏడ్చారు. వాళ్ల మధ్య నేనూ చేతులెత్తాను. ఎత్తిన చేతులకు నీసు వాసన ఉంది. అది నా ముక్కుకు తగిలింది. చేతులు దించలేదు.

నాకు నేను ఏం చెప్పుకొన్నానో వినండి. ఇది వీళ్ల విశ్వాసాన్ని కాపాడటమే అని చెప్పుకొన్నాను. బలహీనులను ఆదుకోవడం అని చెప్పుకొన్నాను. వాక్యం బాగా తెలిసినవాడికి ఇదొక ప్రమాదం. ఏ పనికైనా ఒక వాక్యం దొరుకుతుంది.

ఇక ఆ మధ్యాహ్నం. దీన్ని ఎన్నోసార్లు తలచుకొన్నాను, ఎవరికీ చెప్పలేదు. ముక్క వేసి, చేతులు కడుక్కొని, గడియ తీశాను. గుమ్మంలో సుగుణమ్మ. యూనిట్లో మధ్యాహ్నం విరామం. చీర అంచుకు బండల బురద తెల్లగా ఎండి అతుక్కొని ఉంది. గోడ పట్టుకొని నిలబడింది.

"సార్, మీరున్నరా? జర కూసుంట. కాళ్లు గుంజుతున్నయి."

"కూర్చో అక్కా."

అరుగు మీద చతికిలపడి తొట్టిలోకి చూసింది. ముఖం విప్పారింది. "అబ్బ, ఎంత తేటగున్నది ఇయ్యాల! నా మొకం జూడుండ్రి సార్, ఎండిన బెండకాయ లెక్కయింది," అని నవ్వింది. తరువాత ముక్కు ఎగబీల్చింది. "ఏందో నీసు వాసనొస్తున్నది?"

"సముద్రపు నీళ్లు కదక్కా."

"గట్లనా." కొంగుతో మెడ తుడుచుకొంది. తరువాత నావైపు తిరిగింది. "సార్, ఒక మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. దీనికేమన్న ఏస్తున్నరా? జరంతన్న?"

"ఏం వేస్తలేనక్కా."

"దేవుని తోడు?"

"దేవుని ఇంట్ల నిలబడి అబద్ధమాడుతనా?"

చూడండి. ఒట్టు పెట్టుకోకూడదని వాక్యంలో నేర్చుకొన్నవాణ్ణి నేను. అందుకని ఒట్టు పెట్టుకోలేదు. అబద్ధం చెబుతూ కూడా ఆ ఒక్క ఆజ్ఞను జాగ్రత్తగా కాపాడుకొన్నాను. ఆమె ప్రశ్నకు ప్రశ్నతో జవాబిచ్చి, నా నాలుక శుభ్రంగా ఉందనుకొన్నాను. దీనికంటే నీచమైన భక్తి ఏదైనా ఉందా?

ఆమెకు ఆ ప్రశ్నే చాలింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "అంతే సార్. గింత చిన్నదానికి గంత నమ్మకముంటే, నాకెందుకు రాత్రి అంబలి? ఇయ్యాల్టి సంది అది గూడ బంద్. పండుగ దాంక నీళ్లే."

నేను ఏమన్నాను? వద్దక్కా అన్నానని చాలా ఏళ్లు నమ్మించుకొన్నాను. అనలేదు. "దేవుడు నడిపించినట్టు చెయ్యి అక్కా" అన్నాను. నా మాటలు ఇవే.

ఆ తరువాతి రోజుల్లో ఆమెను ప్రతి సాయంత్రం చూశాను. పెదవులు పగిలాయి. పాట మధ్యలో గొంతు ఆగేది. లేచేటప్పుడు పక్కవాళ్ల భుజం పట్టుకొనేది. జోకులు తగ్గాయి. ఆమె లోపల ఏం జరుగుతోందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు కాలేయంలో దాచినది పోతుంది. తరువాత కొవ్వు. ఆమె ఒంట్లో అది ఎంత ఉందని? తరువాత కండ. అనిమోన్ చిన్నదై బతుకుతుంది. మనిషి గుండె అలా చిన్నదై బతికే వీలు లేదు. అందులో ఆ ఎండ, ఆ పని. ఇవన్నీ తరగతి గదిలో పిల్లలకు చెప్పి, గంట కొట్టగానే మార్కెట్టుకు పోయి చేపముక్క కొనేవాణ్ణి. ఒక ప్రాణికి నా చేత్తో నోటికి అందించి, సాయంత్రం ఇంకొక ప్రాణి పక్కన మోకరించేవాణ్ణి.

ఒక్క మాట చాలు ఆమెను ఆపడానికి. "నేను దీనికి పెడుతున్నానక్కా." ప్రతిరోజూ ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. ప్రతిరోజూ ఇంకా కొద్ది రోజులే కదా అనుకొన్నాను.

పండుగకు ముందటి వారంలో ఆమె మిషను దగ్గర పడిపోయింది. వడదెబ్బ అన్నారు. తాండూరు ఆసుపత్రి నుంచి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ప్రకాశం కూర్చోలేడు, ఊపిరాడదు. నేను కూర్చున్నాను. ఆమె తెలివిలో లేదు. నీళ్లు తడిపిన గుడ్డతో పెదవులు తుడిచాను. అప్పుడు చెవిలో చెప్పాను. "అక్కా, నేను దానికి తిండి పెట్టాను." వినలేదు. వినలేదని తెలిసే చెప్పాను. వికారాబాద్ ఊరు దాటకముందే ఆమె చెయ్యి నా చేతిలో వాలిపోయింది, ప్రాణం పోయింది. మా ఇంటి వీధి మలుపు కిటికీలోంచి కనిపించింది.

సమాధి దగ్గర ప్రకాశం నా చెయ్యి పట్టుకొన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి లాగుతూ అడిగాడు. "సార్... ఆ పువ్వు... బతికే ఉందా?"

"ఉంది."

"జెప్పుండ్రి సార్ అందరికీ. నా సుగుణ... దాన్ని జూసే... నిలబడ్డది."

చెప్పాను. మట్టికుప్ప పక్కన నిలబడి ఆ సాక్ష్యమే మళ్లీ చెప్పాను. పండుగనాడు అది నిండుగా విచ్చుకొని ఉంది. ఆ వారం నేను దానికి రెండింతలు పెట్టాను.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ప్రకాశం చనిపోలేదు. ఎవరూ అనుకోనన్ని ఏళ్లు, ఊపిరి లాగుతూ, బతికే ఉన్నాడు. సుగుణమ్మ ఉపవాసమే అతనికి ఊపిరైందని సంఘమంతా నమ్ముతుంది. అతనూ నమ్ముతాడు. ఇన్నేళ్లు నోరు మూసుకొని ఉండటానికి నేను చెప్పుకొన్న కారణం అదే. ఆ నమ్మకం లాక్కుంటే అతనికి ఏం మిగులుతుంది? ఇది జాలా, లేక నేను దాక్కోవడానికి దొరికిన ఇంకొక గదా? అతని ఊపిరి దేవుని చేతిలో ఉంది. ఎందుకు నిలిపాడో నాకు తెలియదు. నా అబద్ధానికి సాక్షిగా మాత్రం నిలపలేదని తెలుసు.

ఆ ప్రాణిని వికారాబాద్ తెచ్చుకొన్నాను. చావనివ్వలేదు. చలికాలంలో ఒళ్లు చేస్తుంది, ఎండాకాలంలో తగ్గుతుంది, నేను పెడుతుంటాను. ఒక చలికాలంలో అది నడుమ సాగి, చీలి, రెండైంది. వాటికి అది మామూలే. మా వాళ్లు మాత్రం రెండింతల ఆశీర్వాదమన్నారు. ఉదయం దీపం వేయగానే రెండు నోళ్లూ నావైపు తెరుచుకొంటాయి. అవి చూడలేవని నాకు తెలుసు. అయినా వీపు తిప్పి కూర్చొంటాను.

ఈ ఏటి శ్రమదినాలు మొదలయ్యాయి. రెంటినీ మళ్లీ తాండూరు తెమ్మని పాస్టరుగారు అడిగారు. చూద్దాం అన్నాను. నిన్న సునీత ఫోన్ చేసింది. ఇప్పుడామెకు పెళ్లయి, ఒడిలో పాలు తాగే బిడ్డ ఉంది. తండ్రి ఊపిరి ఈ ఎండలకు మళ్లీ కుంగింది. పగలే కాదు, రాత్రి కూడా తినడం మానేశానని చెప్పింది. సంతోషంగా చెప్పింది.

"వద్దు బిడ్డా. పాలిచ్చే తల్లివి. రాత్రి తిను," అన్నాను.

"మీరే గట్లంటే ఎట్ల సార్? మా అమ్మను ఆపిండ్రా మీరు?" అంది. నిష్ఠూరంగా కాదు. గర్వంగా. తన తల్లి విశ్వాసాన్ని నేను గౌరవించానని ఆ పిల్ల ఇన్నేళ్లూ అనుకుంటోంది.

ఫోన్ పెట్టేశాను. నా మాటకు ఇప్పుడు బలం లేదు. నా పాత మాటే ఆ ఇంట్లో కూర్చొని ఉంది. దాన్ని లేపగలిగింది నిజం ఒక్కటే.

అందుకే రాశాను. రేపు పొద్దుటి బండికి తాండూరు పోతాను. ముందు ప్రకాశం ఇంటికి. అతని ముందు, సునీత ముందు ఈ కాగితాలు చదువుతాను. నోటితో చెప్పను, చదువుతాను. నా నోరు నాకు తెలుసు. వాళ్లు నన్ను గుమ్మం దిగమనొచ్చు. సంఘం నన్ను వెలివేయొచ్చు. అది వాళ్ల హక్కు. రాసేశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక క్షమాపణ కాదు. దాన్ని క్షమాపణ అనుకొనేంత చదువు నాకు ఇక వద్దు.

నా కోసం ప్రార్థించమని అడగను. నాకూ ఆయనకూ మధ్య ఉన్నది ఆయన చూసుకొంటాడు. మీరు కళ్లు మూసుకోవాల్సింది సునీత కోసం. రేపు నా మాట విన్నాక ఆ పిల్ల నన్ను ద్వేషించినా సరే, పొద్దు దిగాక పళ్లెం ముందు కూర్చోవాలని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవాలని, మింగాలని, నాతో కలిసి ప్రార్థించండి.